ఎంఎన్‌డీ ఎంత ముదిరిందో తెలుసుకోవడానికి వెన్నులోంచి మళ్లీ మళ్లీ నీరు తీయించాలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. నాన్నగారికి 58 ఏళ్లు. పదహారు నెలల కిందట కుడిచేతి పట్టు తగ్గడంతో మొదలైంది. నాలుగు నెలల కిందట మోటార్ న్యూరాన్ డిసీజ్ (ఎంఎన్‌డీ) అని తేల్చారు, అంటే కండరాలను కదిలించే నాడీకణాలు క్రమంగా చచ్చిపోయే జబ్బు. అప్పుడే వెన్నులోంచి నీరు తీసి న్యూరోఫిలమెంట్ అనే ప్రోటీన్ పరీక్ష చేస్తే చాలా ఎక్కువ అని వచ్చింది. మూడు నెలలకోసారి అదే చేయిస్తే జబ్బు ఎటు పోతోందో తెలుస్తుంది కదా అని మీ ఆలోచన. డాక్టరేమో అక్కర్లేదన్నారు. సూది మాట ఎత్తితేనే అమ్మగారు బెంబేలెత్తిపోతున్నారు. డాక్టరు సరిగ్గా పట్టించుకోవడం లేదా, లేక నిజంగానే అక్కర్లేదా అన్నది మీ ప్రశ్న.

నిజంగానే అక్కర్లేదు. జబ్బు ఎంతవరకు వచ్చిందో చూడటానికి వెన్నులోంచి పదే పదే నీరు తీయడం వల్ల నాన్నగారికి ఒరిగేదేమీ లేదు. ఒక్కసారి చేయడంలో అర్థం ఉంది, ఆ ఒక్కసారి మీకు అయిపోయింది. మళ్లీ చూడాలనిపిస్తే రక్తంలో చూడొచ్చు. వెన్ను నుంచే మళ్లీ మళ్లీ తీయాల్సి వచ్చేది దాదాపుగా రెండే సందర్భాల్లో: వెన్నులోకే ఎక్కించే మందు వాడుతున్నప్పుడు, లేదా మందుల ట్రయల్‌లో చేరినప్పుడు.

నేను పద్నాలుగేళ్లుగా ఎంఎన్‌డీ క్లినిక్ చూస్తున్నాను. మొదట్లో నేనూ అచ్చం మీలాగే అనుకున్నాను. ఒప్పుకున్న పేషెంట్ల దగ్గర మొదటిసారి వచ్చినప్పుడు, ఆరు నెలలకు, ఏడాదికి శాంపిల్ తీసేవాళ్లం. మనిషి బలహీనపడే కొద్దీ అంకె పెరుగుతూ పోతుంది, గ్రాఫులో గీత పైకి లేస్తుంది అని ఎదురుచూశాను. ఒకాయన మొదటిసారి తనంతట తను నడిచి వచ్చారు, రెండోసారి కర్రతో, మూడోసారి చక్రాల కుర్చీలో. మూడు అంకెలూ దాదాపు ఒక్కటే. ట్యూబులు తారుమారయ్యాయేమోనని ల్యాబుకు ఫోన్ చేశాను. అక్కడి మేడమ్ దాచిపెట్టిన మిగతా ట్యూబులు కరిగించి, మూడింటినీ ఒకే ప్లేటు మీద పెట్టి మళ్లీ నడిపారు. మళ్లీ అదే జవాబు. దాంతో పాటు ఇంకో తొమ్మిది మంది గ్రాఫులు కూడా పంపించారు. అందరివీ ఇంచుమించు చదునుగానే ఉన్నాయి, ఒకరిది ఎత్తున, ఒకరిది కింద.

ఆ గీత ఎందుకు లేవలేదో తెలియాలంటే న్యూరోఫిలమెంట్ సంగతి కాస్త చెప్పాలి. మోటార్ న్యూరాన్‌కు పొడవాటి తోక ఉంటుంది, ఆక్సాన్ అంటారు. వెన్నుపాము నుంచి పాదం దాకా పోయేదైతే మీటరు పొడవు కూడా ఉంటుంది. అంత సన్నటి తీగ నిలవాలంటే లోపల బద్దల్లాంటి ఆసరా కావాలి. ఆ బద్దలే న్యూరోఫిలమెంట్లు. వాటిలో తేలికైనదాన్ని ఎన్‌ఎఫ్‌ఎల్ అంటారు. బరువైనదానికి ఫాస్ఫేట్ అంటుకుని ఉన్న రూపం పీఎన్‌ఎఫ్‌హెచ్. మీ రిపోర్టులో ఈ రెండింటిలో ఒకటి ఉండి ఉంటుంది. ఆక్సాన్ చితికినప్పుడు ఇవి బయటికి కారి సీఎస్‌ఎఫ్‌లోకి, అంటే మెదడూ వెన్నుపామూ మునిగి ఉండే నీటిలోకి వస్తాయి. అక్కణ్నుంచి కొద్దికొద్దిగా రక్తంలోకి చేరతాయి. ఏఎల్‌ఎస్ (ఎంఎన్‌డీలో ఎక్కువగా కనిపించే రకం) ఉన్నవారి సీఎస్‌ఎఫ్‌లో ఎన్‌ఎఫ్‌ఎల్ ఎక్కువగా ఉంటుందని 1996లోనే గమనించారు.

ఇప్పుడు అసలు సంగతి. పెద్దవాళ్లలో సీఎస్‌ఎఫ్ ఏ సమయంలోనైనా 150 మిల్లీలీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. రోజుకు కొత్తగా తయారయ్యేది 500 మిల్లీలీటర్ల దాకా. అంటే రోజుకు మూడు నాలుగు సార్లు నీరంతా మారిపోతుంది. కారిన ప్రోటీన్ ఏడాదంతా అక్కడే పేరుకుపోయి ఉండదు, ఎప్పటికప్పుడు కొట్టుకుపోతూ ఉంటుంది. కాబట్టి ఇవాళ సూది పెట్టి తీస్తే దొరికేది ఈ మధ్య కారినదే. చిల్లుపడ్డ కుండ కింద చెయ్యి పెడితే ధార ఎంత లావుగా ఉందో తెలుస్తుంది, లోపల ఎన్ని నీళ్లు మిగిలాయో తెలియదు. న్యూరోఫిలమెంట్ చెప్పేది ధార గురించి. నరాలు ఎంత వేగంగా పోతున్నాయో చెబుతుంది, ఇప్పటికి ఎన్ని పోయాయో చెప్పదు. ఈ జబ్బులో ఒక్కో మనిషికి ఒక్కో వేగం ఉంటుంది. చాలామందిలో ఆ వేగం పెద్దగా మారదు, అందుకే గీత చదును.

మరి పెరిగేదెప్పుడు? చాలావరకు లక్షణాలు కనబడకముందే, లేదా కనబడిన కొత్తలోనే. జన్యువులో లోపం ఉండి ఇంకా జబ్బు రానివాళ్లను ఏళ్ల తరబడి గమనించారు. ఎస్‌ఓడీ1 జన్యువులో వేగంగా ముదిరే రకం లోపం ఉన్నవారి రక్తంలో ఎన్‌ఎఫ్‌ఎల్ లక్షణాలకు కొన్ని నెలల నుంచి ఏడాది ముందే పెరిగింది. సీ9ఓఆర్‌ఎఫ్72 అనే మరో జన్యువులో లోపం ఉన్నవారిలో అంతకంటే ముందే పెరిగింది. అట్లాస్ అనే ట్రయల్ దీని మీదే నడుస్తోంది: ఎస్‌ఓడీ1 లోపం ఉన్న ఆరోగ్యవంతుల రక్తం పరీక్షిస్తూ ఉండి, ఎన్‌ఎఫ్‌ఎల్ పెరిగిన వెంటనే, చేయి బలహీనపడకముందే, మందు మొదలుపెడితే లాభం ఉంటుందా అని చూస్తున్నారు. మనిషి క్లినిక్‌కు వచ్చేసరికి మాత్రం ఆ పెరుగుదల చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

అయితే ఆ ఒక్క అంకె వల్ల ఉపయోగం ఏమిటి? వేగం గురించి ఒక అంచనా వస్తుంది. నా దగ్గరికి ఒకే నెలలో ఇద్దరు వచ్చారు, ఇద్దరికీ ఫంక్షన్ స్కోరు, అంటే రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలరో చెప్పే మార్కు, 48కి 40. ఒకావిడ బట్టలు కుట్టేవారు, రెండో ఆయన రిటైరైన టీచరు. ఆవిడ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆయనదానికి ఐదింతలుంది. ఆవిడకు ఏడో నెలలోనే కడుపులోకి ఫీడింగ్ ట్యూబు పెట్టాల్సి వచ్చింది. ఆయన మూడేళ్ల తర్వాత కూడా చొక్కా గుండీలు తనే పెట్టుకుంటున్నారు, టైం పడుతుంది గానీ పెట్టుకుంటారు. ఆవిడ అంకె ముందే చూడటం వల్ల మేం శ్వాస పరీక్షలు, ట్యూబు గురించిన మాటలు, ఇంట్లో మార్పులు తొందరగా మొదలుపెట్టాం. జబ్బు ఆగలేదు, కానీ ఏదీ అర్ధరాత్రి ఎమర్జెన్సీలో తేల్చుకోవాల్సిన పని పడలేదు.

ఈ కథ విని నాన్నగారి అంకె ఎక్కువ కాబట్టి అంతే అని గుండె జారవిడుచుకోకండి. వందల మందిని కలిపి చూస్తే అంకెకూ వేగానికీ పొంతన బాగా కుదురుతుంది. ఒక్క మనిషి దగ్గరికి వచ్చేసరికి అంత కచ్చితం కాదు. నన్ను బోల్తా కొట్టించిన కేసు ఒకటుంది. ఒకాయన ఎన్‌ఎఫ్‌ఎల్ నేను అప్పటిదాకా చూసినవాటిలో బాగా పై వరుసలో ఉంది. ఇది వేగంగా పోయే రకమని వాళ్లబ్బాయికి చెప్పాను. నెల తర్వాత మాటల్లో బయటపడింది: శాంపిల్ తీయడానికి నెలన్నర ముందు ఆయన బాత్రూంలో జారిపడ్డారు, తలకు గట్టి దెబ్బే తగిలింది. నాన్న కంగారుపడొద్దన్నారని ఎవరూ మాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. కొన్ని నెలలాగి మళ్లీ చూస్తే బాగా దిగింది. ఆయన జబ్బు మధ్యస్థంగా నడిచే రకమే. ఆ అబ్బాయికి నేను చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం అంత తేలిగ్గా జరగలేదు.

కాబట్టి ఈ అంకె ఎంఎన్‌డీ సొత్తేం కాదని గుర్తుంచుకోండి. ఏ కారణంతో ఆక్సాన్లు దెబ్బతిన్నా ఎన్‌ఎఫ్‌ఎల్ పెరుగుతుంది. పక్షవాతం, తలకు దెబ్బ, మల్టిపుల్ స్క్లెరోసిస్, కొన్ని రకాల మతిమరుపు జబ్బులు, అన్నిట్లోనూ పెరుగుతుంది. వయసుతో కూడా కొద్దికొద్దిగా పెరుగుతుంది. పీఎన్‌ఎఫ్‌హెచ్ ఈ జబ్బు విషయంలో కొంత నమ్మకమైనది, అయినా దానికదే నిర్ధారణ కాదు. మెదడు నుంచి కిందికి వచ్చే నరాలు మాత్రమే నెమ్మదిగా దెబ్బతినే పీఎల్‌ఎస్ లాంటి రకాల్లో అంకె తక్కువగా ఉండి, జబ్బే లేదేమో అనిపించే ప్రమాదం కూడా ఉంది. నిర్ధారణ ఇప్పటికీ డాక్టరు పరీక్ష, ఈఎంజీ (కండరాల్లోని విద్యుత్తును చూసే పరీక్ష), మిగతా జబ్బులు కావని తేల్చుకోవడం మీదే నిలబడుతుంది. 2020లో వచ్చిన గోల్డ్ కోస్ట్ ప్రమాణాల్లో కూడా న్యూరోఫిలమెంట్ లేదు. మీకు తొలిసారి వెన్నునీరు తీయడంలో అసలు ఉద్దేశం కూడా బహుశా అదే అయి ఉంటుంది: నయం చేయగల నరాల వాపు జబ్బో, ఇన్‌ఫెక్షనో, క్యాన్సర్ కణాలో ఉన్నాయేమో చూడటం.

ఇక రక్తం సంగతి. రక్తంలో ఎన్‌ఎఫ్‌ఎల్ సీఎస్‌ఎఫ్‌లో కంటే పదుల రెట్లు తక్కువగా ఉంటుంది. పాత పద్ధతులకు అంత చిన్న మోతాదు అందేది కాదు, అందుకే అప్పట్లో వెన్నే దిక్కు. సిమోవా లాంటి అతి సున్నితమైన పద్ధతులు వచ్చాక పరిస్థితి మారింది. ఏఎల్‌ఎస్‌లో రక్తపు అంకె, వెన్ను అంకె బాగానే జతగా నడుస్తాయి. కిడ్నీ పనితీరు, శరీర బరువు రక్తపు అంకెను కొంత కదిలిస్తాయి, అది చూసుకోవాలి. చేతి నరం నుంచి తీసే నాలుగు చుక్కలతో పని జరిగేటప్పుడు నడుములో సూది ఎందుకు?

కానీ ఒక హెచ్చరిక. రెండింటి అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చొద్దు. ఒక కుటుంబం స్వీట్లు పట్టుకుని వచ్చింది. ముందు వేలల్లో ఉన్న అంకె మూడు నెలల్లో వందలోపుకు దిగిందట, ఎవరో ఇచ్చిన పొడి మందు పనిచేసిందట. రిపోర్టులు రెండూ బల్ల మీద పెట్టి చూశాను. మొదటిది సీఎస్‌ఎఫ్, రెండోది సీరం, అంటే రక్తం. అంకె దిగలేదు, నీరు మారింది. ఆ మాట వాళ్లకు చెప్పడం నా ఉద్యోగంలో నాకు నచ్చని గంటల్లో ఒకటి. ఒకే ద్రవమైనా ల్యాబు మారితే, పద్ధతి మారితే అంకెలు కలవవు. చూపించదలచుకుంటే అదే ల్యాబు, అదే పద్ధతి.

వెన్ను నుంచే తీయక తప్పని చోటు ఎక్కడంటే, మొదటగా చెప్పాల్సింది టోఫెర్సెన్. ఏఎల్‌ఎస్ ఉన్నవారిలో రెండు శాతం దరిదాపుల మందికి ఎస్‌ఓడీ1 లోపం ఉంటుంది, ఈ మందు వాళ్లకే. నేరుగా వెన్నులోకి ఎక్కిస్తారు: మొదట 14 రోజుల తేడాతో మూడు డోసులు, ఆ తర్వాత 28 రోజులకోసారి. ఎలాగూ సూది పెడుతున్నారు కాబట్టి ప్రతిసారీ కొంత నీరు దొరుకుతుంది. దీని పెద్ద ట్రయల్‌లో 108 మంది ఉన్నారు. 28 వారాలకు ఫంక్షన్ స్కోరులో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. కానీ వేగంగా ముదురుతున్నవారిలో సీఎస్‌ఎఫ్‌లో ఎస్‌ఓడీ1 ప్రోటీన్ తగ్గింది, రక్తంలో ఎన్‌ఎఫ్‌ఎల్ దాదాపు 60 శాతం పడిపోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో అది 20 శాతం దాకా పెరిగింది. ధార సన్నబడిందన్నమాట. ఏడాది దాకా చూస్తే మందు ముందు మొదలుపెట్టినవాళ్లు ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ల కంటే నెమ్మదిగా క్షీణించారు. అమెరికా ఎఫ్‌డీఏ 2023 ఏప్రిల్‌లో దీనికి త్వరిత అనుమతి ఇచ్చింది ఎన్‌ఎఫ్‌ఎల్ తగ్గుదల ఆధారంగానే. ఈ మందు వాడేవారిలో సీఎస్‌ఎఫ్‌లో తెల్లకణాలు, ప్రోటీన్ పెరగడం కనిపిస్తుంది. కొద్దిమందిలో వెన్నుపాము వాపు దాకా పోతుంది. కాబట్టి అక్కడ నీరు చూడటం జాగ్రత్త కోసం కూడా.

దీనికి ఎదురు కథ కూడా వినాలి. సీ9ఓఆర్‌ఎఫ్72 లోపం ఉన్నవారి సీఎస్‌ఎఫ్‌లో పాలీ-జీపీ అనే తేడా ప్రోటీన్ దొరుకుతుంది. దాన్ని తగ్గించే మందు ఒకటి ఇలాగే వెన్నులోకి ఎక్కించి చూశారు. పాలీ-జీపీ చక్కగా తగ్గింది. మనుషులకు మాత్రం మేలు జరగలేదు, 2022లో ఆ ప్రయత్నం ఆపేశారు. అంకె తగ్గిందని సంబరపడేముందు ఏ అంకె తగ్గిందని అడగడం నేను అక్కడ నేర్చుకున్నాను. మందు చేరాల్సిన చోటికి చేరిందని చెప్పే అంకె వేరు, నరాలు నిలుస్తున్నాయని చెప్పే అంకె వేరు.

సీఎస్‌ఎఫ్‌లో ఇంకా ఏవేవో కొలుస్తున్నారు, మీరు చదివే ఉంటారు. కైటినేజ్‌లు అనే ప్రోటీన్లు నాడీకణాల చుట్టూ రేగే వాపును చూపిస్తాయి. వాటిలో ఒకదాన్ని, కైటోట్రయోసిడేజ్‌ను, తయారు చేయలేని జన్యువుతోనే కొందరు పుడతారు. వాళ్లలో జబ్బు ఎంత ఉన్నా అంకె సున్నాకు దగ్గరే, అది తెలియకపోతే మళ్లీ బోల్తా. ఈ జబ్బులో 97 శాతం మంది నాడీకణాల్లో ముద్దకట్టే టీడీపీ-43 ప్రోటీన్‌ను నేరుగా కొలవడం ఇప్పటిదాకా సరిగ్గా కుదరలేదు. అది పని మానేసినప్పుడు పుట్టే తప్పుడు ప్రోటీన్ ముక్కలను సీఎస్‌ఎఫ్‌లో పట్టుకోవడం ఈ మధ్య మొదలైంది. నాకు ఎక్కువ ఆశ దీని మీదే. కానీ అది పరిశోధన బల్ల మీదిది, మీ డాక్టరు చీటీ మీద రాసేది కాదు.

సూది గురించి అమ్మగారికి చెప్పడానికి రెండు మాటలు. వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగుస్తుంది, సూది పెట్టేది అంతకంటే కింద, మూడో నాలుగో లేదా నాలుగో ఐదో నడుము పూసల మధ్య. వెన్నుపాముకు గుచ్చుకుని కాళ్లు పడిపోతాయన్న భయం అక్కర్లేదు. కొందరికి ఒకటి రెండు రోజులు, కొందరికి ఇంకాస్త ఎక్కువ తలనొప్పి వస్తుంది. మొన కోసుగా కాక పెన్సిల్ ముక్కులా ఉండే సూది వాడితే అది బాగా తగ్గుతుంది. ఎంఎన్‌డీ ఉన్నవారి విషయంలో నేను ఎక్కువ చూసేది వేరే: వెల్లకిలా గానీ ముడుచుకుని గానీ పడుకుంటే ఊపిరి ఆడుతుందా అని. ఆయాసం వచ్చేవారికి కూర్చోబెట్టే తీస్తాం. రక్తం పలచబడే మందులు వాడుతుంటే తప్పకుండా ముందే చెప్పాలి.

మరి మూడు నెలలకోసారి ఏం చూడాలి? మొదటిది ఆ ఫంక్షన్ స్కోరు, ఏఎల్‌ఎస్‌ఎఫ్‌ఆర్‌ఎస్-ఆర్ అంటారు. పన్నెండు ప్రశ్నలు: మాట, మింగడం, రాత, గుండీలు, మెట్లు, ఊపిరి లాంటివి. ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 48. వేగం మీరే లెక్క కట్టొచ్చు. నాన్నగారి స్కోరు ఇవాళ 40 అనుకోండి. 48 లోంచి తీస్తే 8. మొదలై పదహారు నెలలు. నెలకు అర పాయింటు. ట్రయల్స్‌లో సగటు నెలకు ఒక పాయింటు దరిదాపుల్లో ఉంటుంది, దానితో పోలిస్తే ఇది నెమ్మదే. ఖర్చు లేదు, సూది లేదు, ఎంత మిగిలిందో కూడా చెబుతుంది. ఒక్కటే జాగ్రత్త, ప్రతిసారీ ఒకే మనిషి అడిగితే మంచిది. కొడుకు అడిగితే నాన్నలు ఒక మార్కు ఎక్కువ చెబుతారు.

రెండోది ఊపిరి. ఎఫ్‌వీసీ పరీక్ష (గట్టిగా ఊదితే ఊపిరితిత్తుల నుంచి ఎంత గాలి వస్తుందో చూసేది) ప్రతి మూడు నెలలకు, వీలైతే పడుకోబెట్టి కూడా. పొద్దున్నే తలనొప్పి, రాత్రి పదే పదే మెలకువ, పగలు కునికిపాట్లు ఉంటే మూడు నెలలు ఆగకండి. మూడోది బరువు. ఇంట్లో ఒకే తూకం మీద వారానికోసారి తూచి గోడ మీది క్యాలెండర్‌లో రాయండి. ఈ జబ్బులో బరువు తగ్గడం మంచిది కాదు, అదెంత త్వరగా కనబడితే అంత త్వరగా ఏదో ఒకటి చేయొచ్చు.

మామూలు రక్తపరీక్షల్లో రెండు సంగతులు మిమ్మల్ని తికమక పెట్టొచ్చు. క్రియాటినిన్ తగ్గుతూ వస్తే కిడ్నీలు బాగుపడ్డాయని కాదు, కండ తగ్గుతోందని. ఇంకోటి, ఎప్పుడైనా ఛాతీలో అనీజీగా ఉందని ఎమర్జెన్సీకి వెళ్తే ట్రోపోనిన్-టి (గుండె కండరం దెబ్బతిందా అని చూసే రక్తపరీక్ష) ఎక్కువ అని టెన్షన్ పెట్టొచ్చు. ఎంఎన్‌డీలో గుండె బాగున్నా అది పెరగొచ్చు, ఒంట్లోని కండరాల నుంచి వస్తుంది. ఈసీజీ తీసి, ట్రోపోనిన్-ఐ చేసి చూడమని అడగండి. అలాగని ఛాతీనొప్పిని తేలిగ్గా తీసుకోమని నా ఉద్దేశం కాదు.

మీ డాక్టరుతో ఈసారి మాట్లాడేటప్పుడు వెన్నునీటి మాట పక్కనపెట్టి, జన్యుపరీక్ష చేశారా అని అడగండి. కుటుంబంలో ఇంకెవరికీ లేకపోయినా అడగండి, ఎస్‌ఓడీ1 లోపం అలాంటివారిలో కూడా బయటపడుతుంది. అది ఉందని తేలితే ఈ చర్చ అంతా మళ్లీ మొదటికి వస్తుంది, అప్పుడు నేనే వెన్నునీరు తీయించమంటాను. దాని ఫలితం మీకూ, మీ తోబుట్టువులకూ సంబంధించింది కాబట్టి పరీక్షకు ముందే జెనెటిక్ కౌన్సెలర్‌తో ఒకసారి కూర్చోండి.

మీ రిపోర్టు మీద ఎన్‌ఎఫ్‌ఎల్ అని ఉందా, పీఎన్‌ఎఫ్‌హెచ్ అని ఉందా, కొలత పక్కన ఏ యూనిట్ ఉంది, నీరు తీయడానికి ముందు రెండు మూడు నెలల్లో నాన్నగారు ఎక్కడైనా పడ్డారా, ఈ మూడూ చూసి రాయండి. పేరు, ఆసుపత్రి వివరాలు మాత్రం ఇక్కడ పెట్టకండి.